కొన్న బొమ్మ వద్దట, అది వచ్చిన అట్టపెట్టే కావాలట! మీ ఇళ్లలో కూడా ఇంతేనా?

నిజాంపేట_అమ్మ
మా బాబుకి మూడున్నరేళ్లు. ఈమధ్య మా ఆయన దగ్గర దగ్గర రెండు వేలు పెట్టి రిమోట్ కారు తెచ్చారు. కారుతో ఒక్క పూట ఆడాడు. అది వచ్చిన అట్టపెట్టెతో మాత్రం పన్నెండు రోజులుగా ఆడుతూనే ఉన్నాడు. ఒకరోజు అది ఏటీఎం, ఇంకోరోజు కుక్కపిల్ల ఇల్లు. మొన్న తలకి తగిలించుకుని "నేను ఫ్రిజ్‌ని, తలుపు తియ్యి, పాలు తీసుకో" అన్నాడు.

పోయిన వారం వాషింగ్ మెషిన్ కొన్నాం. ఆ పెద్ద పెట్టె సగం హాలు ఆక్రమించింది. పారేద్దామంటే ఏడుపు. పాల ప్యాకెట్లు, గుడ్ల అట్టలు, టూత్‌పేస్ట్ పెట్టెలు కూడా దాస్తున్నాడు. మా అత్తగారు రోజూ "ఇది ఇల్లా, పాత సామాన్ల కొట్టా?" అంటున్నారు. నిన్న ఆ పెట్టె మడతలోంచి బొద్దింక బయటికొచ్చింది, ఇంక చూడండి. ఆవిడ మాటలోనూ న్యాయం ఉంది, కాదనను.

ఇది చాలదన్నట్టు నర్సరీ వాళ్లు సోమవారానికి "బెస్ట్ అవుట్ ఆఫ్ వేస్ట్" ప్రాజెక్ట్ తెమ్మన్నారు. మూడున్నరేళ్ల పిల్లాడి ప్రాజెక్ట్ ఎవరు చేస్తారో మనందరికీ తెలుసు.

ఏవి ఉంచాలి, ఏవి పారేయాలి, బొద్దింకలకి ఏం చేయాలి, ఆ ప్రాజెక్ట్ సంగతేంటి? నిజంగా టెన్షన్‌గా ఉంది. మీరెలా చేస్తున్నారో చెప్పండి.

చిన్ని_వాళ్ళమ్మ
మా ఇంట్లోనూ అచ్చం ఇంతే. ప్లాస్టిక్ వంటింటి సెట్ కొనిస్తే అటకెక్కింది. మా పాప వంటంతా నా టీపొడి డబ్బా మూతలోనే.

డాలస్_బాబాయి
మీవాడి టేస్ట్‌కి పెద్ద గుర్తింపే ఉందమ్మా. ఇక్కడ అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లో స్ట్రాంగ్ మ్యూజియం అని ఆటల మ్యూజియం ఉంది. అందులో మేటి బొమ్మలకి నేషనల్ టాయ్ హాల్ ఆఫ్ ఫేమ్ అని ఒక విభాగం. 2005లో మామూలు అట్టపెట్టెని అందులో చేర్చారు. 2008లో కర్రపుల్లని కూడా చేర్చారు.

చిన్ని_వాళ్ళమ్మ
కర్రపుల్లనా! మా తమ్ముడికి చెప్పాలి. చిన్నప్పుడు వాడి కర్రపుల్ల పొయ్యిలో పెట్టానని మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

పెట్టెల_రాజు
కార్టన్లు తయారుచేసే యూనిట్‌లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. బొద్దింకల సంగతి నేను చెప్తాను.

అట్టపెట్టె గోడ అంచు దగ్గరగా పట్టుకుని చూడండి. రెండు కాగితాల మధ్య అలలు అలలుగా ఇంకో కాగితం కనిపిస్తుంది. దాన్ని 3 ప్లై అంటాం. మీ వాషింగ్ మెషిన్ పెట్టె లాంటివి 5 ప్లై, అంటే అలల వరసలు రెండు. ఈ కాగితాలని అతికించేది మొక్కజొన్న గంజితో. ఆ సందులు బొద్దింకకి ఇల్లు, ఆ గంజి దానికి భోజనం. మీ పెట్టె తప్పేం లేదు, గోడౌన్‌లోనో లారీలోనో ఎక్కి ఉంటుంది.

చేయాల్సింది ఇదీ. పెట్టెని విప్పి పరిచి ఒక పూట మంచి ఎండలో పెట్టండి. దులపండి. తర్వాత అంచుల్లో గాడులు కనిపించే చోటల్లా బ్రౌన్ టేప్ అంటించి మూసేయండి. దీంతో ఇంకో లాభం, పిల్లల చేతులు కోసుకోవు, అట్ట అంచు కూడా బ్లేడులాగే కోస్తుంది. రాత్రిపూట వంటింటి దగ్గర, బాత్‌రూమ్ గోడ పక్కన పెట్టకండి. తడిసిన పెట్టె మాత్రం ఉంచొద్దు, అది ఎండినా బలం రాదు, బూజు పడుతుంది.

అన్నిటికన్నా ముందు, మూలల్లో రాగి రంగు పిన్నులు ఉంటాయి, స్టిచింగ్ పిన్నులంటాం. ఒక్కోటీ కటింగ్ ప్లేయర్‌తో లాగేయండి. లెక్కపెట్టుకుని తీయండి, ఒకటి నేలమీద పడిపోతే కాళ్లలో దిగుతుంది.

నిజాంపేట_అమ్మ
రాజు గారూ, థాంక్యూ అండీ. వెంటనే వెళ్లి చూశాను, పదహారు పిన్నులు! వాడు దాంట్లో పాకుతున్నాడు ఇన్నాళ్లూ. గుండె ఆగినంత పనైంది.

సర్దుడు_సరళ
నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను, ఏమనుకోకండి. మాది రెండు గదుల ఇల్లు. ప్రతి డబ్బాలో ఏనుగు కనపడుతుంది, రాకెట్ కనపడుతుంది అని దాచుకుంటూ పోతే మనుషులు బాల్కనీలో పడుకోవాలి. ఇంట్లో చాకిరీ చేసే ఆడవాళ్ల బాధ ఎవరూ మాట్లాడరు. మా ఇంట్లో రూల్ ఒకటే: ఒక బుట్ట. బుట్టలో పట్టినంతవరకే. కొత్తది పెట్టాలంటే పాతది ఒకటి తీయాలి, ఏది తీయాలో పాపే చెప్పాలి. శనివారం పొడి చెత్త బండికి తనే ఇస్తుంది. నాలుగేళ్ల పిల్లకి బాగా అర్థమైంది.

చిన్ని_వాళ్ళమ్మ
సరళ గారి బుట్ట రూల్ నాకు నచ్చింది. మా అమ్మాయి ఖాళీ షాంపూ సీసాకి ఏం పేరు పెట్టిందో తెలుసా, "సుబ్బలక్ష్మి". ఇప్పుడు సుబ్బలక్ష్మిని బండికి ఎలా ఇవ్వమంటారు?

సర్దుడు_సరళ
పేరు పెడితే బుట్టలో ఉంచుకోవచ్చు. మా దాంట్లోనూ "తాతయ్య" అని ఒక పౌడర్ డబ్బా ఉంది.

పిల్లలవార్డు_నర్సు
సరదా పాడుచేస్తున్నానని అనుకోకండి, కానీ కొన్ని చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పదకొండేళ్లుగా పిల్లల వార్డులో ఉన్నాను.

బొమ్మలకి మన దేశంలో 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ప్యాకింగ్ సామాను ఆట కోసం చేసింది కాదు కాబట్టి దానికి అలాంటి పరీక్ష ఏదీ ఉండదు. ఆ పరీక్ష మన కళ్లే చేయాలి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక గొట్టం వాడతారు. అందులో పూర్తిగా పట్టేసిన వస్తువు ఏదైనా గొంతులో పడే ప్రమాదం ఉన్నట్టే లెక్క. నీళ్ల సీసా మూత సుమారు 3 సెంటీమీటర్లు. అంటే మనం ముద్దుగా "చక్రాలు" అని ఇచ్చే మూతలు ఆ గొట్టంలో పడిపోతాయి. నిజాంపేట గారి బాబుకి మూడు దాటాయి, కానీ ఇంట్లో పాకే బిడ్డ ఉన్నవాళ్లు మూతలు, చింతపిక్కలు, పూసలు నేలమీద ఉంచకండి.

థర్మోకోల్ అస్సలు వద్దు. గిల్లితే గింజలు రాలతాయి, పిల్లలు ముక్కులో పెట్టుకుంటారు. ఎక్స్‌రేలో కూడా కనపడదు. పాలిథిన్ కవర్లు తలకి తొడుక్కునేంతవి ఉంటే కత్తిరించేయండి, లేదా ముడి వేసి పారేయండి. కొత్త బూట్ల పెట్టెలో వచ్చే చిన్న తెల్ల పొట్లాలు తీసేయండి.

ఇంకొకటి, చాలామందికి తట్టదు. తెరిస్తే పాట పాడే గిఫ్ట్ పెట్టెలు, గ్రీటింగ్ కార్డులు ఉంటాయి చూడండి, వాటిలో బటన్ బ్యాటరీ ఉంటుంది. అది మింగితే ఆహార గొట్టంలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. అనుమానం వచ్చినా చాలు, "రేపు మోషన్‌లో వస్తుందిలే" అని కూర్చోవద్దు, పరుగెత్తుకుంటూ ఆసుపత్రికి వెళ్లాలి.

పల్నాడు_రైతుబిడ్డ
నర్సు గారి లిస్టుకి ఒకటి కలుపుతున్నా, ఊళ్లలో ఉన్నవాళ్లకి. పురుగుమందు డబ్బాలు. రంగురంగులుగా, గట్టిగా, మూతకి కొలతగీతలతో ముచ్చటగా ఉంటాయి. పత్తి సీజన్లో గట్ల మీద పడి ఉంటాయి. మా పక్కింటి పిల్లలు ఒకసారి అలాంటి డబ్బాని కడిగి దాంతో వంటాట ఆడుతూ నీళ్లు పోసుకుంటున్నారు. మా నాన్న చూసి లాగేసుకున్నారు కాబట్టి సరిపోయింది. ఎన్నిసార్లు కడిగినా అది విషం డబ్బానే. దానికి కన్నం పొడిచి పనికిరాకుండా చేయాలని మా నాన్న అప్పటినుంచి ఎప్పుడూ మర్చిపోలేదు. ఇళ్లలో ఫినాయిల్, యాసిడ్, బాత్‌రూమ్ కడిగే మందు సీసాలకీ ఇదే మాట.

తెనాలి_తాతయ్య
నాకు డెబ్బై ఒకటి. మా రోజుల్లో పెట్టె అంటే అగ్గిపెట్టె. దాంతో ఫోను ఎలా చేసేవాళ్లమో చెప్తాను, ఈ తరం అమ్మానాన్నలకి తెలియకపోవచ్చు.

రెండు అగ్గిపెట్టెల లోపలి అరలు తీసుకోవాలి. నడిమధ్యలో సూదితో కన్నం. అందులోంచి దారం దూర్చి, లోపలివైపు అగ్గిపుల్ల ముక్కకి ముడివేయాలి, అప్పుడు లాగినా ఊడి రాదు. మందు ఉన్న తల విరిచేయాలి ముందు. దారం పదిహేను ఇరవై గజాలు. ఒకడు అరుగు మీద, ఇంకొకడు నూతి దగ్గర. ఇక్కడే అసలు కిటుకు ఉంది. దారం బిగుతుగా ఉండాలి, మధ్యలో చెట్టుకో గోడకో తగలకూడదు. తగిలితే మాట అక్కడే ఆగిపోతుంది. ఎవరూ మాకు చెప్పలేదు అది. నేనూ మా అన్నయ్యా ఒక మధ్యాహ్నమంతా కొట్టుకుని, ఆఖరికి దారం కరివేపాకు చెట్టుకి ఆనుతోందని కనిపెట్టాం. అప్పుడు వినపడింది అన్నయ్య గొంతు, సన్నగా, చెవిలో తేనెటీగ ఉన్నట్టు. "ఒరేయ్, అమ్మ అరిసెలు చేస్తోంది" అన్నాడు.

అన్నయ్య పోయి ఆరేళ్లు. ఆ గొంతు ఇప్పటికీ చెవిలో ఉంది.

చిన్ని_వాళ్ళమ్మ
తాతయ్య గారూ... ఈ రాత్రికి మా ఇంట్లో అగ్గిపెట్టె ఫోను తయారు.

సైన్సు_మాస్టారు
తాతయ్యగారు చెప్పిన "దారం తగిలితే మాట ఆగిపోతుంది" అన్నదాన్ని నేను ఆరో తరగతికి ఒక పీరియడ్ పాఠం చెప్తాను. గొంతు అట్టని కదిలిస్తుంది, అట్ట దారాన్ని కదిలిస్తుంది, బిగుతుగా ఉన్న దారం ఆ కదలికని అవతలికి మోస్తుంది. చెట్టుకి తగిలితే కదలిక చెట్టు మింగేస్తుంది. వాళ్లు ఒక మధ్యాహ్నంలో సొంతంగా కనిపెట్టారు.

ఈ విషయంలో అరవింద్ గుప్తా గారి పేరు చెప్పకుండా ఉండలేను. ఐఐటీ కాన్పూర్‌లో ఇంజినీరింగ్ చదివి, పుణెలో ట్రక్కుల కంపెనీలో ఉద్యోగం చేస్తూ, 1978లో సెలవు పెట్టి మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ వెళ్లారు. అక్కడ అప్పటికే 1972 నుంచి పల్లె బడుల్లో సైన్సు బోధన ప్రయోగం నడుస్తూ ఉండేది. సంతలో దొరికిన సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లల్ని కలిపి త్రిభుజాలు, ఘనాలు చేయడం మొదలుపెట్టారు. త్రిభుజం నొక్కితే కదలదు, చతురస్రం ఒరిగిపోతుంది. వంతెనలకి, కరెంటు టవర్లకి త్రిభుజాలే ఎందుకుంటాయో పిల్లల వేళ్లకే తెలుస్తుంది. ఆ తర్వాత జీవితమంతా పారేసే వస్తువులతో బొమ్మలే. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన సైటులో పుస్తకాలు, వీడియోలు అన్నీ ఉచితం.

కర్నూలు_కిరణ్
ఇక్కడ అందరూ మురిసిపోతున్నారు కానీ నాదొక మాట. మేము తాటికాయల బండి తోలాం, అరిగిన హవాయి చెప్పులు కోసి చక్రాలు చేశాం. అది మా సృజన అని కాదు, కొనడానికి ఇంట్లో డబ్బుల్లేక. పక్కవీధి డాక్టరుగారబ్బాయి దగ్గర తాళం తిప్పితే పరిగెత్తే రైలు ఉండేది. కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాణ్ణి. ఇప్పుడు నాకు జీతం వస్తోంది, మా అమ్మాయికి మంచి బొమ్మలే కొంటాను. పేదరికాన్ని పెద్ద విద్యావిధానంలా చెప్పకండి దయచేసి.

సైన్సు_మాస్టారు
కిరణ్ గారూ, మీ మాటకి ఎదురు చెప్పను. కిటికీ ఊచల దగ్గర నిలబడటం నాకూ తెలుసు. బొమ్మలు కొనండి. మీరు కొనే మంచి బొమ్మకీ అట్టపెట్టెకీ పోటీ లేదు. కానీ ఆ హవాయి చెప్పుని గుండ్రంగా కోయడానికి ఏం వాడారు? చక్రం ఎగుడుదిగుడుగా వస్తే ఏం చేశారు?

కర్నూలు_కిరణ్
స్టీలు గ్లాసు బోర్లించి గీత గీసేవాళ్లం మాస్టారూ. కోసింది మా మామయ్య చెప్పులు కుట్టే కత్తితో. ఎగుడుదిగుడు వస్తే గచ్చు మీద అరగదీసేవాళ్లం. ఇరుసుకి గొడుగు ఊచ.

తాటికాయల బండికైతే ముంజలు తిన్నాక రెండు కాయలు తీసుకుని మధ్యలో పుల్ల గుచ్చాలి, పంగల కర్రతో వెనకనుంచి తోయాలి. రెండు కాయలూ ఒక సైజు ఉండాలి, లేకపోతే బండి ఒక పక్కకి లాగేస్తుంది. మంచి జత కోసం తాటితోపంతా తిరిగేవాళ్లం.

రాస్తుంటే ఎంత గుర్తొస్తోందో. సరే, మా అమ్మాయికి ఆదివారం చెప్పు చక్రాలు చేసిస్తాను. బొమ్మలు కూడా కొంటాను.

డాలస్_బాబాయి
చేసిస్తాను కాదు కిరణ్, చేయనివ్వు. కోసేది మాత్రం నువ్వు కొయ్యి.

నిజాంపేట_అమ్మ
ఆ మాటే నాకు గుచ్చుకుంటోంది బాబాయ్ గారూ. ప్రాజెక్ట్ విషయం. పోయిన ఏడాది మా అక్క కూతురి బడిలో ఏం జరిగిందో చెప్తాను. "వేస్ట్" కోసం మా బావ రెండు కొత్త కూల్‌డ్రింక్ సీసాలు కొని, సింకులో పారబోసి, వాటితో పూలకుండీ చేశారు. మెరుపుల కాగితం, గ్లూ గన్, థర్మోకోల్ షీటు, అన్నీ కలిపి నాలుగు వందలు. పాప పాత్ర ఫోటోలో నవ్వడమే. ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. పాప తర్వాత దాన్ని ముట్టుకుంటే "పాడైపోతుంది" అని షోకేసులో పెట్టారు.

పెట్టెల_రాజు
అలంకరణ థర్మోకోల్ 2022 జులై 1 నుంచి నిషేధం కదండీ, ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ లిస్టులో అది కూడా ఉంది. చెత్త తగ్గించే ప్రాజెక్ట్‌కి థర్మోకోల్ కొనడమా!

నర్సరీ_మిస్
నేను ఆ ఒడ్డునుంచి మాట్లాడతాను. ఎనిమిదేళ్లుగా నర్సరీ టీచర్ని. అవును, ఆ ప్రాజెక్టులు తల్లిదండ్రులే చేస్తారని మాకు తెలుసు. మేనేజ్‌మెంట్‌కి ఫోటోలు కావాలి, తల్లిదండ్రులకి గ్రూపులో పెట్టుకోవడానికి బొమ్మ బొమ్మలా ఉండాలి. ఒకసారి ఒక బాబు నిజంగా తనే చేసినది తెచ్చాడు. రెండు సబ్బు పెట్టెలు, మధ్యలో బోలెడంత జిగురు, ఒక వంకర పుల్ల. ఏంట్రా ఇది అంటే "మా తాత ఆటో, పంక్చర్ అయింది" అన్నాడు. ఆ వంకర పుల్ల పంక్చర్ వేసేవాడి రాడ్డు. మిగతా వాటి పక్కన పెడితే దాన్నెవరూ చూడలేదు. వాడు సాయంత్రం దాన్ని బ్యాగులో కుక్కుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

తర్వాతి ఏడాది నుంచి మా క్లాసు వరకు మార్చాను. "కడిగి ఆరబెట్టిన ఖాళీ పెట్టెలు ఐదు పంపండి చాలు" అని రాస్తాను. నేలమీద చాప వేసి, అన్నీ కుప్ప పోసి, ఏం చేయాలో చెప్పను. మొదటి పది నిమిషాలు గోలగోల. తర్వాత నిశ్శబ్దం అయిపోతారు. ఆ నిశ్శబ్దం కోసమే నేను ఈ ఉద్యోగంలో ఉన్నాను.

నిజాంపేట గారూ, మీ బాబు చేసిందే పంపండి. దానికి ఒక చీటీ అంటించండి, వాడు ఏం చెప్పాడో వాడి మాటల్లోనే. చీటీ ఉంటే టీచర్ దాన్ని చదవక తప్పదు.

సర్దుడు_సరళ
ఆ బాబు పంక్చర్ రాడ్డు దగ్గర ఆగిపోయానండీ. చీటీ ఐడియా చాలా బాగుంది.

అంగన్వాడీ_నల్గొండ
మా దగ్గర బొమ్మలు తక్కువ, ఖాళీ ప్యాకెట్లు ఎక్కువ. అవే మా సామాను.

రోజూ పిల్లలకి గుడ్డు పెడతాం కాబట్టి గుడ్ల అట్టలకి కొదవ లేదు. ఒక అట్టకి 30 గుంటలు, ఆరు వరుసలు అయిదేసి. గుంటకొక గులకరాయి పెట్టమంటే లెక్కలు వాటంతటవే వస్తాయి. ఒక వరస నిండగానే "మేడం, చెయ్యి అయిపోయింది" అంటది ఒక పాప, అయిదు అంటే ఆమెకి చెయ్యి. గుడ్డు సొన అంటిన అట్టలు మాత్రం తీసుకోను. మిగతావి రెండు రోజులు ఎండలో పెడతా.

చిన్నపిల్లల కోసం తల్లులకి ఇంటికిచ్చే పోషకాహారం పిండి, బాలామృతం, రెండున్నర కిలోల ప్యాకెట్లు ఉంటాయి. తల్లులు ఖాళీవి తెచ్చిస్తే ఉతికి, పాత బట్టలు కుక్కి, మూతి కుట్టేస్తా. మెత్తటి ఇటుకలైతయి. గోడ కడతరు, గోడ మీద పడతరు, దెబ్బ తగలదు.

కానీ అన్నిటికన్నా ఎక్కువ నడిచేది కిరాణా కొట్టు ఆట. సబ్బు పెట్టెలు, చాయ్‌పత్తి ప్యాకెట్లు, ఉప్పు కవర్లు, పేస్ట్ డబ్బాలు వరుసగా పెడితే చాలు. ఒకడు సేటు, ఒకామె ఉద్దెర అడిగేటామె. "పోయిన నెలదే ఇయ్యలేదు" అని ఆ సేటు అనే తీరు చూడాలి, వాళ్ల ఇంట్లో ఎవరంటరో తెల్సిపోతది. అక్షరాలు రాని పిల్ల కూడా ప్యాకెట్ చూసి పేరు చెప్తది. విజయ పాల ప్యాకెట్ మీద "వి" మీద వేలు పెట్టి "ఇది నా అక్షరం" అన్నది మా విజయలక్ష్మి అనే పాప. బోర్డు మీద రాసి నెల రోజులు చెప్పినా రాలేదు అది.

డాలస్_బాబాయి
అంగన్వాడీ అమ్మా, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను. మా పాపకి తెలుగు వారాంతపు బడిలో రాలేదు, ఇండియన్ స్టోర్‌లో కొన్న అటుకుల ప్యాకెట్ మీద వచ్చింది. "అ" కనపడితే చాలు "అటుకులు!" అని అరుస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో తెలుగు అక్షరాలున్న ఏ ప్యాకెట్నీ పారేయనివ్వదు. సరళ గారి బుట్ట అర్జంటుగా కావాలి.

మాటలకోసం_ఎదురుచూపు
మొదటిసారి రాస్తున్నాను. మా బాబుకి నాలుగేళ్లు, మాటలు ఆలస్యం. బట్టల కొట్టులో గుడ్డ చుట్టే పొడవాటి అట్టగొట్టం ఉంటుంది కదా, అది ఒకటి అడిగి తెచ్చాను. ఒక చివర నా నోరు, ఇంకో చివర వాడి చెవి. "ఊఊ" అన్నాను. ఉలిక్కిపడి గొట్టంలోకి చూశాడు, మళ్లీ చెవి పెట్టాడు. పదో పదిహేనో సార్లయ్యాక గొట్టం లాక్కుని తన నోటికి పెట్టుకుని "ఊ" అన్నాడు. అది వాడు నాకు చెప్పిన మాట. థెరపీ నడుస్తోంది, అది మానలేదు. కానీ గొట్టం మంచం పక్కనే ఉంటుంది.

పిల్లలవార్డు_నర్సు
అమ్మా, థెరపీ ఇలాగే కొనసాగించండి. ఆ గొట్టం కూడా. మాతో చెప్పుకున్నందుకు చాలా సంతోషం.

తెనాలి_తాతయ్య
బిడ్డకి ఆశీస్సులు.

కొత్తనాన్న
జిగురు సంగతి ఎవరైనా చెప్తారా? పాప నోట్లో వేలు పెట్టుకుంటుంది. కొన్న జిగురు వాడాలంటే భయం.

పెట్టెల_రాజు
మైదా జిగురు. రెండు చెంచాల మైదా చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, ఒక గ్లాసు నీళ్లు పోసి సన్న సెగ మీద తిప్పుతూ ఉంటే గంజిలా చిక్కబడుతుంది. చల్లారాక వాడండి. రెండు రోజుల్లో పులుస్తుంది, కొంచెం కొంచెం చేసుకోండి. పోస్టర్లు అంటించేవాళ్లు పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లల జిగురులో ఎట్టి పరిస్థితిలోనూ కలపొద్దు. చిన్న పనులకి అన్నం మెతుకు చాలు.

ఇంకో చిన్న చిట్కా. అట్టని గాడుల వెంబడి మడిస్తే తేలిగ్గా మడుస్తుంది, గాడులకి అడ్డంగా మడిస్తే చిరుగుతుంది. అడ్డంగా మడవాలంటే ముందు చెంచా కాడతో గట్టిగా గీత గీయండి.

చిన్ని_వాళ్ళమ్మ
రిపోర్టు: అగ్గిపెట్టె ఫోను పనిచేసింది! హాల్లోంచి వంటింట్లోకి. మా చిన్ని మొదటి మాట "అమ్మా నువ్వు ఎక్కడున్నావ్?" నేను కనపడుతూనే ఉన్నాను దానికి.

తెనాలి_తాతయ్య
ఎక్కడున్నావనే అడగాలి. ఫోనంటే అదే.

నిజాంపేట_అమ్మ
మీ అందరికీ చెప్పాలి, జరిగినవి చాలా ఉన్నాయి.

రాజు గారు చెప్పినట్టు పెట్టె ఎండలో పెట్టి, టేపులు వేశాం. కిటికీలు మా ఆయన కోశారు, ఎక్కడ కోయాలో స్కెచ్ పెన్నుతో గీసింది వాడే. నేను రెండు కిటికీలు అనుకున్నాను, వాడు ఒక పక్కన నాలుగు, ఇంకో పక్కన ఏమీ లేకుండా గీశాడు. ఎందుకురా అంటే "అటు పక్క గోడ ఉంది కదా, ఏం కనపడదు" అన్నాడు. పెట్టెని గోడకి ఆనించి పెట్టాం మరి!

అది బస్సు. నంబరు 218, పటాన్‌చెరు నుంచి కోఠి, వాళ్ల తాతయ్యతో రోజూ రోడ్డు మీద చూసే బస్సు. స్టీరింగ్ నా పాత స్టీలు పళ్లెం. నానమ్మని ఎక్కమన్నాడు. ఆవిడ ఎక్కలేరు, మోకాళ్లు. పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటే, పాత కరెంటు బిల్లు ముక్క చింపి ఇచ్చి "నానమ్మా, నీకు డబ్బుల్లేవు, జీరో టికెట్" అన్నాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. ఇల్లు పాత సామాన్ల కొట్టులా ఉందనడం మాత్రం మానలేదు, టికెట్ చేతిలో పెట్టుకునే అన్నారు.

సోమవారం ప్రాజెక్ట్‌కి బస్సు తీసుకెళ్లడం కుదరదు కదా, కండక్టర్ బ్యాగ్ పంపించాం. బిస్కెట్ పెట్టెకి తాడు. చీటీ మీద వాడు చెప్పింది చెప్పినట్టు రాశాను: "ఇందులో చిల్లర లేదు. దిగేటప్పుడు ఇస్తా." టీచర్ చదివి గట్టిగా నవ్వారట, వాణ్ణి క్లాసంతా తిప్పి టికెట్లు కొట్టించారట.

ఒక్కటే సమస్య. పెట్టె అడుగు మధ్యలో చీలిపోయింది, వాడు లోపల గెంతుతున్నాడు. పారేద్దామా అంటే "డిపోలో బాగుచేస్తారు" అంటున్నాడు.

పెట్టెల_రాజు
పారేయొద్దండీ. ఇంకో అట్టముక్క తీసుకుని, కింది అట్ట గాడులు నిలువుగా ఉంటే దీని గాడులు అడ్డంగా వచ్చేలా అతికించండి. మైదా జిగురు అంతా పూసి, పైన బరువు పెట్టి ఒక రాత్రి ఉంచాలి. బియ్యం బస్తా అయితే బాగుంటుంది. మా యూనిట్‌లో కూడా బలం కావాలంటే ఇలాగే వేస్తాం.

నిజాంపేట_అమ్మ
ఈ రాత్రికే చేస్తాం. జిగురు వాడే పూస్తాడట, మమ్మల్ని ముట్టుకోవద్దన్నాడు. పొద్దున ఏడింటికి మొదటి బస్సట, నానమ్మని రెడీగా ఉండమన్నాడు.